స్లిప్ టెస్టు పేపరు వెనక్కి వచ్చాక

ఫిబ్రవరి వచ్చిందంటే సైబరాబాద్‌లో ఒకే బిల్డింగ్ పైఅంతస్తులోనూ సెల్లార్‌లోనూ ఒకే మాట వినబడుతుంది. నల్లగండ్లలోనో కొండాపూర్‌లోనో పద్నాలుగో అంతస్తులో ఉండే పదో తరగతి అమ్మాయీ, అదే అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ గదిలో ఉంటూ జిల్లా పరిషత్ హైస్కూలుకు నడిచి వెళ్లే అబ్బాయీ అనేది ఇదే: "చదివాను, పేపరు చూడగానే గుర్తు రాలేదు." అమ్మాయికి ట్యూషన్ ఉంది, డబ్బు కట్టిన యాప్ ఉంది, తలుపు వేసుకోవడానికి గది ఉంది. అబ్బాయికి ఒక లైటు, ఎస్‌సీఈఆర్‌టీ తయారుచేసి బడిలో పంచిన అభ్యాస దీపిక ఉన్నాయి. వసతుల్లో ఇంత తేడా ఉన్నా ఫిర్యాదు ఒకటే కావడంలో వింతేమీ లేదు. ఇద్దరి రివిజనూ ఒకటే: పుస్తకం తెరవడం, గీతలు గీసిన చోట మళ్లీ చదవడం, "అయిపోయింది" అని మూసేయడం.

రివిజన్ ఎలా చేయాలన్నదాని మీద అమ్మమ్మల దగ్గర్నుంచి యూట్యూబ్ మోటివేషన్ సార్ల దాకా అందరికీ ఒక అభిప్రాయం ఉంది. తెల్లవారుజామున నాలుగింటికి లేస్తేనే బుర్రకెక్కుతుందని ఒకరు, రంగు పెన్నులతో గీస్తే మరిచిపోరని ఇంకొకరు, పదిసార్లు రాస్తే ఖాయమని మరొకరు చెబుతారు. ఈ సలహాలను ఒక్కొక్కటే పట్టి చూసినవాళ్లూ ఉన్నారు. 2013లో అమెరికాలోని కెంట్ స్టేట్ యూనివర్సిటీ మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ డన్‌లోస్కీ మరో నలుగురితో కలిసి, విద్యార్థులు వాడే పది పద్ధతుల మీద అప్పటికి వచ్చిన పరిశోధనలను జల్లెడ పట్టాడు. మళ్లీ మళ్లీ చదవడం, అండర్‌లైన్ చేయడం, సారాంశం రాసుకోవడం, గుర్తుకోసం కొండగుర్తులు పెట్టుకోవడం తక్కువ ప్రయోజనం అన్న వరసలోకి పోయాయి. "ఇది ఎందుకిలా" అని ప్రశ్నించుకోవడం, తనకు తాను వివరించుకోవడం, రకరకాల లెక్కలను కలగలిపి చేయడం మధ్యలో నిలిచాయి. ఎక్కువ ప్రయోజనం అన్న మాట రెండింటికే దక్కింది. తనను తాను పరీక్షించుకోవడం ఒకటి. ఒకేసారి కూర్చుని ముగించకుండా రోజుల ఎడంతో మళ్లీ మళ్లీ రావడం రెండోది.

మొదటిదాని బలం తెలియాలంటే 2006లో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ చేసిన ప్రయోగం చూడాలి. కాలేజీ విద్యార్థులకు చిన్న చిన్న పాఠ్యభాగాలు ఇచ్చారు. ఒక భాగాన్ని రెండుసార్లు చదవాలి. ఇంకో భాగాన్ని ఒక్కసారే చదివి, చూడకుండా గుర్తున్నదంతా కాగితం మీద రాయాలి. తప్పొప్పులు ఎవరూ చెప్పరు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివినదే గెలిచింది, 81 శాతానికి 75. వారం తర్వాత అడిగితే తిరగబడింది. రెండుసార్లు చదివింది 42 శాతం మిగిలింది, ఒకసారి చదివి ఒకసారి రాసింది 56 శాతం మిగిలింది. రెండో ప్రయోగంలో తేడా ఇంకా పెరిగింది. నాలుగుసార్లు చదివినవాళ్లకు వారం తర్వాత 40 శాతం, ఒక్కసారి చదివి మూడుసార్లు చూడకుండా రాసినవాళ్లకు 61 శాతం. అన్నిటికన్నా విచిత్రం, తమకు బాగా గుర్తుంటుందని ఎక్కువ ధీమాగా చెప్పినవాళ్లు నాలుగుసార్లు చదివినవాళ్లే.

నాకు ఈ అంకెలన్నిటిలో ఆ ఐదు నిమిషాల 81 శాతమే ముఖ్యంగా కనబడుతుంది. రాత్రి పదింటికి పుస్తకం మూసే పిల్లకు "వచ్చేసింది" అనిపించడం అబద్ధం కాదు. ఆ క్షణానికి నిజంగానే వచ్చింది. కళ్లు వాక్యాన్ని గుర్తుపడుతున్నాయి, తర్వాతి పేరా ఏమిటో పేజీ తిప్పకముందే తెలుస్తోంది. అయితే పరీక్ష హాల్లో వాక్యం ఎదురుగా ఉండదు, ప్రశ్న మాత్రమే ఉంటుంది. ఎదురుగా ఉన్నదాన్ని గుర్తుపట్టడం వేరు, లేనిదాన్ని తలలోంచి లాగడం వేరు. రాత్రంతా మొదటి పని సాధన చేసి పొద్దున రెండో పనికి వెళితే గుర్తు రాలేదని ఏడవక తప్పదు. ఇదే బృందం 2009లో తమ యూనివర్సిటీ విద్యార్థులు 177 మందిని ఎలా చదువుతారని అడిగితే, సుమారు 84 శాతం మంది మళ్లీ చదవడాన్ని చెప్పారు. చూడకుండా గుర్తు తెచ్చుకుంటామన్నవాళ్లు 11 శాతమే. అలవాటు తెలుగు పిల్లలదే కాదన్నమాట.

అమెరికా వాళ్లు చెప్తే తప్ప మనకు తెలియని సంగతి కూడా కాదు ఇది. పాఠం అప్పజెప్పించుకోవడం మన ఇళ్లలో నిన్నమొన్నటి దాకా ఉన్న పనే. అమ్మ చేతిలో పుస్తకం ఉన్నా లేకపోయినా, ఆమెకు చదువు వచ్చినా రాకపోయినా, "ఏదీ చెప్పు" అనేది. పిల్లవాడు ఆగిన చోట ఆమె కూడా ఆగేది. ఆ ఆగడంలోనే తెలియనిది ఎక్కడుందో ఇద్దరికీ తెలిసిపోయేది. వేదపాఠశాలల్లో సంత చెప్పేటప్పుడు గురువు ఒకసారి అంటే శిష్యులు రెండుసార్లు అంటారు. అక్కడితో వదలకుండా అవే పదాలను ముందుకూ వెనక్కూ కలుపుతూ క్రమ, జట, ఘన పాఠాలుగా చెప్పిస్తారు. ఆ చదువు ఎవరికి అందింది, ఎవరిని గుమ్మం బయట నిలబెట్టింది అన్నది వేరే చర్చ, చేయవలసిన చర్చ. పద్ధతి వరకూ చూస్తే మాత్రం, చూసి చదవడానికి అందులో చోటే లేదు.

అవధానం ఇంకా ఆసక్తికరం. దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి జంటగా ఊరూరా తిరిగి జనంలోకి తెచ్చిన ఆ కళలో, అష్టావధాని ఒక పద్యాన్ని ఒకేసారి పూర్తిచేయడు. సమస్య ఇచ్చిన పృచ్ఛకుడికి ఒక పాదం, దత్తపదికి ఒక పాదం, నిషిద్ధాక్షరికి ఒక పాదం చెబుతూ చుట్టు పూర్తిచేసి, రెండో ఆవృత్తిలో మళ్లీ మొదటివాడి దగ్గరికి వస్తాడు. మధ్యలో అప్రస్తుత ప్రసంగం వాడు అడ్డుపడుతూనే ఉంటాడు. నాలుగు ఆవృత్తులయ్యాక పద్యాలన్నీ ధారణ చేయాలి. ఒక్కో పద్యాన్ని మరిచిపోయేంత ఎడం ఇచ్చి, వేరే పనులతో కలగలిపి, మళ్లీ తలలోంచే తెచ్చుకోవడం. డన్‌లోస్కీ పట్టికలో పైన నిలిచిన రెండు పద్ధతులూ, మధ్యలో నిలిచిన కలగలుపూ ఒకే వేదిక మీద కనబడతాయి. అవధాని ప్రతిభ అందరికీ రాదు, నిజమే. ఆ ఏర్పాటు మాత్రం అరువు తెచ్చుకోవచ్చు.

ఇక్కడ బట్టీ అన్న మాట అడ్డం పడుతుంది. ఐటీ కారిడార్ బడుల ప్రకటనలు చూస్తే ఈ విషయంలో రెండు శిబిరాలు. ఒకవైపు టెక్నో, ఒలింపియాడ్ పేర్లతో ఆరో తరగతి నుంచే ఐఐటీ పునాది వేస్తామనేవి. మరోవైపు బట్టీకి మా ప్రాంగణంలో చోటు లేదు, అంతా కాన్సెప్టే అనేవి. మొదటివాళ్లు అర్థం కాకముందే వల్లె వేయిస్తారన్నది నిజం. రెండోవాళ్లు అర్థమైతే చాలు, అదే గుర్తుంటుందని నమ్మిస్తున్నారన్నదీ అంతే నిజం. అర్థమైనది కూడా మరుపుకు వస్తుంది. కిరణజన్య సంయోగక్రియ ఆగస్టులో చక్కగా అర్థమైన పిల్ల మార్చిలో దాన్ని మళ్లీ మొదటినుంచి చదువుతోందంటే లోపం అర్థం చేసుకోవడంలో లేదు. ఏడు నెలల్లో ఒక్కసారైనా పుస్తకం మూసి దాన్ని చెప్పమని ఎవరూ అడగలేదు.

అడగలేదు అంటే బడులు ఒప్పుకోవు. పరీక్షలకు మనకేం కరువని అంటాయి. అదీ నిజమే. తెలంగాణ పదో తరగతిలో పబ్లిక్ పరీక్షకు 80 మార్కులు, బడిలో జరిగే ఫార్మేటివ్ అసెస్‌మెంట్లకు 20. ఏడాదిలో నాలుగు ఎఫ్ఏలు, మధ్యలో ఎస్ఏ (సమ్మేటివ్ అసెస్‌మెంట్), ఆఖర్న ప్రీఫైనల్. వీటికి అదనంగా పాఠం పాఠానికీ స్లిప్ టెస్టు. ప్రైవేటు బడుల్లో శనివారం వీకెండ్ టెస్టు, ఆదివారం పొద్దుటికి వాట్సాప్ గ్రూపులో ర్యాంకులు. సీబీఎస్‌ఈలోనూ 20 ఇంటర్నల్ మార్కుల్లో పీరియాడిక్ టెస్టుల వాటా ఉంది. తెలుగు పిల్లవాడు పరీక్ష రాసినన్నిసార్లు ప్రపంచంలో ఇంకెవరైనా రాస్తారా అని అనుమానం వస్తుంది. పరీక్షించుకోవడమే మేలైన రివిజన్ అయితే మన పిల్లలకు ఈపాటికి సర్వం కంఠస్థమై ఉండాలి కదా!

ఎందుకు కాలేదన్నదానికి ఈ గడ్డ మీదే జరిగిన ఒక అధ్యయనం కొంత జవాబు చెబుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేసిన ఈ పని 2010లో అచ్చయింది. 100 బడుల్లో పిల్లలకు ముందుగా పరీక్ష పెట్టి, ఎవరు ఎక్కడ వెనకబడ్డారో టీచర్లకు వివరంగా రాసి ఇచ్చారు. ఏడాది పొడవునా మధ్యమధ్య వచ్చి చూశారు. చూసేవాళ్లు వచ్చినప్పుడు ఆ టీచర్లు ఎక్కువ శ్రద్ధగానే కనబడ్డారు. ఏడాది చివర పరీక్ష పెడితే, ఆ సాయం అందని బడుల పిల్లలకూ వీళ్లకూ మార్కుల్లో తేడా లేదు. పరీక్ష జరిగింది, తప్పులు దొరికాయి, కాగితం మీదికీ ఎక్కాయి. ఆ కాగితంతో ఆ తర్వాత జరగవలసింది జరగలేదు. చిన్న తరగతుల మీద చేసిన పనే అయినా, పదో తరగతి స్లిప్ టెస్టు కథ కూడా ఇదేనని నా అభిప్రాయం. దిద్దిన పేపరు వస్తుంది. పిల్లవాడు మార్కు చూసుకుంటాడు, పక్కవాడి మార్కు చూస్తాడు, సంచిలో పెడతాడు. ఇంట్లో సంతకం పడుతుంది. మళ్లీ ఆ పేపరు ఎవరూ తెరవరు.

రాయదుర్గం నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఈ అద్దాల మేడల్లో ఎంతోమంది తల్లిదండ్రులకు జీతం వచ్చేదే టెస్టింగ్ చేసినందుకు. రిలీజ్‌కు ముందు బగ్ దొరికితే ఆఫీసులో మెచ్చుకుంటారు, దాన్ని నమోదు చేస్తారు, సరిచేస్తారు, సరైందో లేదో మళ్లీ అదే టెస్టు నడుపుతారు. అదే మనిషి ఇంటికొచ్చాక, మార్చికి ముందు అక్టోబరులోనే దొరికిన తప్పును చూసి "పన్నెండేనా?" అంటాడు. తప్పు ముందే దొరికినందుకు ఆఫీసులో చప్పట్లు, ఇంట్లో చీవాట్లు.

2024 నవంబరు చివర్లో రాష్ట్ర ప్రభుత్వం పదో తరగతి ఇంటర్నల్ మార్కులు ఎత్తేసి మొత్తం వందకీ పబ్లిక్ పరీక్షే పెడతామని ఉత్తర్వు ఇచ్చి, ఏడాది మధ్యలో ఈ మార్పేమిటని గోల రాగానే వాయిదా వేసింది. ఆ మార్కులు నిజాయితీగా వేస్తున్నారా లేదా అన్నదే అప్పుడు ముఖ్యమైన తగాదా. అది తేలవలసిందే. నాకు మాత్రం ఎఫ్ఏల నుంచి మార్కు తీసేసి పరీక్షను ఉంచితే ఏమవుతుందో చూడాలని ఉంది. మార్కు లేకపోతే పిల్లలు చదవరని టీచర్లంటారు. బహుశా నిజమేనేమో. కానీ మార్కు ఉన్నందువల్లే పిల్లలు తప్పును దాచుకుంటున్నారు, కొట్టివేతలు కనబడకుండా తెల్లరంగు పూస్తున్నారు.

సరే, దిద్దిన పేపరుతో ఏం చేయాలి? పోయిన ప్రతి మార్కూ మూడు దారుల్లో ఒకదాన పోయి ఉంటుంది. అసలు తెలియక పోయింది, తెలిసీ గుర్తు రాక పోయింది, తొందరలో పోయింది. మొదటిదానికి పాఠం మళ్లీ చదవాలి, టీచర్ని అడగాలి. రెండోదానికి మళ్లీ చదివితే లాభం లేదు, మూడు రోజులాగి పుస్తకం మూసి అదే ప్రశ్న మళ్లీ రాయాలి. మూడోదానికి కావలసింది గడియారం పెట్టుకుని రాసే అలవాటు. ఇంట్లో ప్రతి తప్పుకూ దొరికే మందు ఒకటే, "ఇంకా చదువు". మూడు జబ్బులకు ఒకే మాత్ర.

బిట్ల విషయంలో అదనంగా ఒక హెచ్చరిక ఉంది. పార్ట్-బి 20 మార్కుల కోసం పిల్లలు బిట్ బ్యాంకులు వందలకొద్దీ చేస్తారు. నాలుగు ఆప్షన్లలో తప్పుదాన్ని ఎంచుకుని, సరైనదేదో చూసుకోకుండా తర్వాతి బిట్‌కు పోతే, ఆ తప్పు జవాబే తలలో నాటుకునే ప్రమాదం ఉందని రోడిగర్, ఎలిజబెత్ మార్ష్ 2005లో చూపించారు. జవాబు వెంటనే సరిచూసుకుంటే ఆ నష్టం బాగా తగ్గుతుందని మరికొన్నేళ్లకు తేలింది. ఇంకో ముచ్చట కూడా ఉంది. గట్టి నమ్మకంతో రాసి తప్పని తెలిసిన జవాబు, ఊహించి రాసి తప్పని తెలిసినదానికన్నా బాగా దిద్దుబాటు అవుతుందని బటర్‌ఫీల్డ్, మెట్‌కాఫ్ 2001లో కనుగొన్నారు. ఆశ్చర్యపడినచోట బుర్ర శ్రద్ధ పెడుతుంది. కాబట్టి బిట్ పక్కన జవాబు పెట్టేటప్పుడే "ఖాయం" అనో "అనుమానం" అనో ఒక గుర్తు పెట్టుకోమనండి. ఖాయం అనుకుని తప్పిన బిట్లే ముందు చూసుకోవలసినవి.

ఇక ఎడం సంగతి. జర్మన్ పండితుడు హెర్మన్ ఎబింగ్‌హౌస్ అర్థంలేని అక్షరాల మూటలను తానే బట్టీపట్టి, తానే మరిచిపోతూ, ఎంత వేగంగా మరిచిపోతున్నాడో లెక్కగట్టి 1885లో పుస్తకం వేశాడు. మరుపు మొదటి గంటల్లో నిట్టనిలువుగా పడి తర్వాత నెమ్మదిస్తుందన్న ఆ గీతను 2015లో నెదర్లాండ్స్ పరిశోధకులు మళ్లీ చేసి చూస్తే దాదాపు అలాగే వచ్చింది. ఎంత ఎడం ఇవ్వాలన్నది మాత్రం పరీక్ష ఎంత దూరంలో ఉందన్నదాన్ని బట్టి మారుతుంది. నికొలస్ సెపేడా బృందం 2008లో వెయ్యిమందికి పైగా జనం మీద చేసిన పనిలో, వారంలో పరీక్ష ఉంటే ఒకట్రెండు రోజుల ఎడం, నెలపైన ఉంటే పది రోజుల పైచిలుకు, ఏడాది తర్వాతైతే మూడు నాలుగు వారాల ఎడం మంచి ఫలితమిచ్చాయి. జులైలో చెప్పిన పాఠాన్ని ఆగస్టులో ఒకసారి, అక్టోబరులో ఒకసారి, జనవరిలో ఒకసారి పది నిమిషాలు పలకరిస్తే చాలు. మన బళ్లు చేసేది దీనికి నేరుగా ఎదురు. డిసెంబరులోగా సిలబస్ ముగించి, జనవరి నుంచి ఉదయం సాయంత్రం ప్రత్యేక తరగతులు పెట్టి, రివిజన్ అంతా ఆ రెండున్నర నెలల్లో కుక్కుతారు. రివిజన్ అనేది సిలబస్ అయ్యాక వచ్చే ఒక కాలం అన్న నమ్మకం మన టైంటేబుళ్లలో పాతుకుపోయింది.

లెక్కల్లో ఇంకో చిక్కు. మన పుస్తకాలు, గైడ్లు, వర్క్‌షీట్లు అన్నీ అధ్యాయాల వారీగా ఉంటాయి. వర్గ సమీకరణాల అభ్యాసంలో వచ్చే లెక్క ప్రతిదీ వర్గ సమీకరణమేనని పిల్లవాడికి చదవకముందే తెలుసు. పద్ధతి వెతుక్కోవలసిన పనే లేదు. పరీక్షలో ఆ శీర్షిక ఉండదు. ఫ్లోరిడాలో డగ్ రోరర్ బృందం 54 ఏడో తరగతి సెక్షన్లలో నాలుగు నెలలు ఒకే లెక్కలు ఇచ్చింది. సగం సెక్షన్లకు అధ్యాయాల వారీగా, సగం సెక్షన్లకు కలగలిపి. నెల తర్వాత ముందు చెప్పకుండా పరీక్ష పెడితే కలగలిపి చేసినవాళ్లకు సగటున 61 శాతం, రెండోవాళ్లకు 38. ఇది 2020లో అచ్చయింది. కొత్త పుస్తకం, కొత్త టీచరు, పైసా ఖర్చు ఏదీ అక్కర్లేదు, లెక్కల వరస మారిస్తే చాలు. అయితే కలగలిపి చేసేటప్పుడు తప్పులు ఎక్కువ పోతాయి, పిల్లలు విసుక్కుంటారు, ట్యూషన్ సార్‌కు చెడ్డపేరు వస్తుంది. అందుకే ఎవరూ చేయించరు. సీబీఎస్‌ఈ ఇప్పుడు పదో తరగతి పేపరులో సగం ప్రశ్నలు తెలిసినదాన్ని కొత్త సందర్భంలో వాడమనేవే ఇస్తోంది. అలాంటి పేపరుకు అధ్యాయాల వారీ అభ్యాసం మరీ తక్కువ పనికొస్తుంది.

ప్రభుత్వ బడి పిల్లల దగ్గరికి వచ్చేసరికి భాష ప్రశ్న ముందుకొస్తుంది. 2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం ప్రవేశపెట్టి, ఇంగ్లిష్ ఒక పేజీ, తెలుగు ఎదురు పేజీలో ఉన్న పుస్తకాలిచ్చారు. అప్పటి ఎనిమిదో తరగతి వాళ్లే 2025 మార్చిలో పదో తరగతి పరీక్ష రాశారు. ఇంగ్లిష్ వాక్యం అర్థం కాకుండా గుర్తుపెట్టుకోవలసి వచ్చినప్పుడు బట్టీ తప్ప దారి ఉండదు. ఒక మాట ఎగిరిపోతే జవాబంతా కూలిపోతుంది. ఈ పిల్లలకు నా చేతనైన సలహా, రివిజన్ రెండు మెట్లుగా చేయమని. ముందు పుస్తకం మూసి, ఓమ్ నియమం ఏమిటో తెలుగులో, ఇంటి మాటల్లో తమ్ముడికి చెప్పినట్టు చెప్పాలి. అది వచ్చాక ఇంగ్లిష్‌లో రాయాలి. తనకు తాను వివరించుకోవడం డన్‌లోస్కీ పట్టికలో మధ్యలో ఉన్నా, రెండు భాషల మధ్య నిలబడ్డ పిల్లవాడికి దాని విలువ ఎక్కువనే నేననుకుంటాను. వలస కూలీల ఇళ్లలో ఒడియాలోనో హిందీలోనో చెప్పుకునే పిల్లలకూ ఇదే వర్తిస్తుంది. ఒక్క తెలుగు మాట రాకూడదని బెత్తం పట్టుకునే బడులకు ఇది నచ్చదు.

మిగతావి త్వరగా. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వయసుకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో చెప్పింది. ఏడింటికల్లా స్కూలు బస్సు ఎక్కి, సాయంత్రం ట్రాఫిక్‌లో ఇరుక్కుని, ట్యూషన్ ముగించుకుని తొమ్మిదింటికి ఇల్లు చేరే పిల్లకు అన్ని గంటలు ఎక్కడినుంచి వస్తాయో ఎవరూ చెప్పరు. నాలుగింటికి లేపడం మీద నాకు ప్రత్యేకమైన ద్వేషమేమీ లేదు, ఎనిమిదింటికి పడుకోనిస్తే. ఫోను బల్ల మీద ఉంటేనే బుద్ధి మందగిస్తుందన్న 2017 నాటి ప్రసిద్ధ అధ్యయనాన్ని తర్వాత మళ్లీ చేసినవాళ్లకు అదే ఫలితం నిలకడగా రాలేదు. ఫోను మోగితే దృష్టి చెదరడం మాత్రం అందరికీ తెలిసిందే. పక్క గదిలో పెట్టడానికి పరిశోధన అక్కర్లేదు. "మావాడు విజువల్ లెర్నర్ అండీ" అని పేరెంట్స్ మీటింగుల్లో వినబడే మాటకు ఆధారం లేదని 2008లోనే హెరాల్డ్ పాష్లర్ బృందం తేల్చింది. వేలిముద్రలు చూసి తెలివితేటలు చెప్పే డీఎంఐటీ పరీక్షకైతే శాస్త్రం వాసన కూడా లేదు. ఆ డబ్బులతో పిల్లకు నాలుగు లాంగ్ నోట్‌బుక్కులు కొనండి.

పైన చెప్పిన పరిశోధనలకూ హద్దులున్నాయి. చాలావరకు అమెరికా కాలేజీ విద్యార్థుల మీద, చిన్న పాఠాల మీద, రోజులు వారాల వ్యవధిలో చేసినవి. ఇంగ్లిష్ తనకు మూడో భాష అయిన కొండాపూర్ పిల్లవాడికి ఇవే అంకెలు వస్తాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. అసలు పాఠమే చెప్పని చోట పరీక్షించుకోవడానికి ఏమీ ఉండదన్నది మరో సంగతి. తలలో లేనిది తలలోంచి రాదు. అయినా ఈ రెండు పద్ధతుల దిక్కు మాత్రం ఎక్కడ చేసినా పెద్దగా మారలేదు కాబట్టి, ఖర్చు లేని పనులు కాబట్టి, చేసి చూడడానికి అభ్యంతరం ఉండకూడదు.

ఇంట్లో అప్పజెప్పించుకునే మనిషి ఎవరన్నదే ఈ కారిడార్‌లో అసలు కష్టం. అమ్మా నాన్నా ఇద్దరూ ఆఫీసులో ఉంటారు. అమెరికా టీముతో కాల్ రాత్రి ఏడింటికి మొదలైతే పదకొండింటికి ముగుస్తుంది. సెల్లార్‌లోని తల్లి పొద్దున్నుంచి నాలుగు ఫ్లాట్లలో పనిచేసి వచ్చి ఉంటుంది. అయినా అప్పజెప్పించుకునేవాళ్లకు పాఠం తెలియనక్కర్లేదు, పుస్తకం పట్టుకుని పిల్లవాడు ఎక్కడ ఆగాడో చూస్తే చాలు. భోజనం దగ్గర పది నిమిషాలు, కారులో పది నిమిషాలు. మనిషి దొరకనప్పుడు ఖాళీ కాగితం ఆ పని చేస్తుంది. పాఠం చదివాక పుస్తకం మూసి గుర్తున్నది నీలం పెన్నుతో రాయడం, తెరిచి వదిలేసినవి ఎర్ర పెన్నుతో చేర్చడం, నాలుగైదు రోజులకు ఎర్రగా ఉన్నవాటినే మళ్లీ అడుక్కోవడం. జర్మనీలో సెబాస్టియన్ లైట్నర్ 1972లో చెప్పిన అట్టముక్కల పెట్టె కూడా ఇలాంటిదే. ప్రశ్న ఒకవైపు, జవాబు రెండోవైపు. వచ్చినవి వెనక అరలోకి పోయి ఆలస్యంగా తిరిగొస్తాయి, రానివి రేపే వస్తాయి. పెళ్లి శుభలేఖల వెనకవైపు దీనికి దివ్యంగా పనికొస్తుంది. ప్రభుత్వ టీశాట్ చానళ్లలో వచ్చే పాఠాలు చూసే పిల్లలూ, డబ్బు కట్టిన యాపుల్లో వీడియోలు చూసే పిల్లలూ ఒకే పని చేయాలి. మధ్యలో ఆపి, ఇప్పటిదాకా ఏం చెప్పారో చూడకుండా రాయాలి. ఆపకుండా చూసిన వీడియో కూడా మళ్లీ చదివిన పేజీ లాంటిదే.

భయం గురించి రెండు మాటలు. 2025లో తెలంగాణ పదో తరగతిలో 92.78 శాతం మంది పాసయ్యారు, తప్పినవాళ్లకు జూన్‌లోనే సప్లిమెంటరీ జరిగింది. సీబీఎస్‌ఈ 2026 నుంచి పదో తరగతికి ఏడాదిలో రెండు పరీక్షలు పెడుతోంది. ఒక్క పరీక్షతో జీవితం తేలిపోతుందన్నది ఎప్పుడూ నిజం కాదు, ఇప్పుడు అసలే కాదు. అయినా నిద్ర పట్టని, తిండి సహించని, బతుకు మీద విరక్తి మాటలు మాట్లాడే పిల్లలకు రివిజన్ చిట్కాలు చెప్పకూడదు. మానసిక సాయం అందించే టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

మిగిలిన పిల్లల తల్లిదండ్రులకు ఈ ఫిబ్రవరి పేరెంట్స్ మీటింగులో అడగడానికి ఒక ప్రశ్న ఉంది. ప్రీఫైనల్ ఎప్పుడు, సిలబస్ అయిందా, ర్యాంకెంత అని ఎలాగూ అడుగుతారు. వాటితో పాటు, దిద్దిన ప్రీఫైనల్ పేపర్లు ఏ రోజు వెనక్కి ఇస్తారు, ఇచ్చిన మర్నాడు వాటిలో పోయిన ప్రశ్నలను పిల్లల చేత చూడకుండా మళ్లీ రాయించడానికి టైంటేబుల్‌లో పీరియడ్ ఉందా అని అడగండి. లేదంటే, స్పెషల్ క్లాసుల్లో ఒకటి తీసేసి అది పెట్టమనండి.